బల్లమీది బొగ్గుబాయి

“బిళ్ళ బోర్డు మీదనే ఉన్నదక్కా, ఫికర్ లేదు” అని రాజేశం అన్నప్పుడు, అతనికిద్దామని తెచ్చిన చాయ్ గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. అతను ముందుగదిలో మా పిల్లల రైలు బల్ల చుట్టూ టేపు పట్టుకుని తిరుగుతున్నాడు. మావారు హైదరాబాదు పోయినప్పుడు తెచ్చిన కీ రైలు అది. పాత తలుపు చెక్క మీద పట్టాలు గుండ్రంగా బిగించి, కింద కాళ్లు కొట్టి బల్లగా చేశారు. ఆ పట్టాల నడుమ ఒక బొగ్గుబాయి కట్టించాలని పిల్లల పట్టు. రాజేశం మావారు ఇంజనీరుగా ఉన్న పవర్‌హౌసులో వడ్రంగి, ఆయనే పంపించారు. బాయిలర్లు బాగుచేసేవాళ్లు ఎక్కి నిలబడే మంచెలు కట్టడం అతని పని. పట్టపగలు ఇంటికి వచ్చాడు కదా అని, మాటవరసకు, ఇయ్యాల డ్యూటీ లేదా అని అడిగాను. “డ్యూటీలనే ఉన్నక్కా” అని నవ్వాడు. గేటు దగ్గర మేకులు కొట్టిన బోర్డు ఒకటుంటుంది. లోపలికి పోయే ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ దానికి తగిలిస్తాడు. బిళ్ళ ఉంటే మనిషి లోపల ఉన్నట్టే. “మరి నీ జాగల మంచె ఎవరు కడ్తరు?” అన్నాను. “కొత్తోడున్నడు. తాళ్లు బిగించుడే గద, అండ్ల ఏమున్నదక్కా?” అన్నాడు. గ్లాసు బల్ల అంచున పెట్టి వంటింట్లోకి పోయాను.

బిళ్ళ బోర్డు మీదనే ఉన్నదన్న ఆ మాట నేను చిన్నప్పుడు మా నాయిన నోట విన్నాను. అవే మాటలు, అదే నవ్వు. పిల్లలకు ఈ బాయి పిచ్చి పట్టించింది మా అమ్మ. మొన్న మా ఇంటికి వచ్చినప్పుడు రైలు చూసి, “మీ తాత దొర రైలుకు బొగ్గుబాయి కట్టిచ్చిండు, తెలుసా? నిజం బాయి లెక్కనే ఉండె. పైన చక్రాలు గూడ తిరిగేటివి” అని వాళ్లకు చెప్పింది. మావారు కూడా విని, అయితే మన రైలుకూ ఒకటి ఉండాల్సిందే అన్నారు. అమ్మ చెప్పింది అబద్ధం కాదు, సగం. మా ఇంట్లో ఆ కథ ఎప్పుడూ సగమే చెప్పుకున్నాం. నాయిన పోయాడు కాబట్టి మిగతా సగంతో ఇక ఆయనకు వచ్చే కష్టం లేదు. పిల్లలు పడుకున్నారు, రాయడానికి కూర్చున్నాను.

గోదావరిఖనిలో కొత్త బాయిలు తవ్వుతున్న రోజుల్లో మేము బెల్లంపల్లి నుంచి వచ్చాం. మా దగ్గర గనిని గని అనరు, బాయి అంటారు. నాయిన పేరు యోహాను. బాయి లోపల కప్పు కూలకుండా కర్ర స్తంభాలు నిలబెట్టే టింబర్‌మన్. మా తాతది కూడా అదే పని. మాకు ఇచ్చిన క్వార్టరు ఒక పొడుగు వరుసలో నడిమిది. ఒక గది, ఒక వంటిల్లు, వెనుక నీళ్లు పోసుకునే జాలారు. సాయంత్రమైతే వరుసంతా ఆడవాళ్లు బొగ్గుపొయ్యిలు వాకిట్లోకి తెచ్చి ముట్టించేవాళ్లు. నిప్పు ఎర్రబడేదాకా పొగ వీధి మీద దుప్పటిలా కమ్ముకునేది. ఆ పొగలోంచే మొదటి షిఫ్టు మగవాళ్లు ఇళ్లకు వచ్చేవాళ్లు. ముఖాలు కనబడవు, దగ్గులు వినబడేవి. ఏ దగ్గు ఎవరిదో నాకు తెలుసు. నాయిన కాళ్లు లోపల పెట్టకముందే అమ్మ జాలార్లో వేడినీళ్లు పెట్టేది. ఆయన స్నానం చేస్తుంటే తూములోంచి నల్లటి నీళ్లు పారి, మా ఇంటి వెనుక మట్టి ఎప్పుడూ నల్లగా, జిగటగా ఉండేది. ఆదివారం చర్చికి వేసుకునే ఆయన తెల్లచొక్కా కాలరు మీద, ఎంత రుద్దినా, ఒక బూడిదరంగు గీత మిగిలేది. దేవుడు గుర్తుపట్టడానికి ఆ గీత ఉండాలనేవాడు నాయిన.

రాత్రి అన్నానికి ముందు ప్రార్థన. నాయిన ప్రార్థనలో కీర్తనలు, వాక్యాలు తక్కువ, పేర్లు ఎక్కువ. మా వరుసలో ఆ రాత్రి ఎవరెవరు బాయిలో ఉన్నారో, పొద్దున ఎవరెవరు దిగుతారో, అందరి పేర్లూ ఒక్కొక్కటిగా చెప్పి, వీళ్లను పైకి తీసుకురా తండ్రీ అనేవాడు. క్రైస్తవులా హిందువులా అని చూసేవాడు కాదు. అన్నం చల్లారిపోతుందని నేను గొణిగితే, పేరు విడిస్తే మనిషిని విడిచినట్టేనని కసిరేవాడు. ఆ పేర్లలో ఎప్పుడూ ముందు వచ్చే పేరు కొమురయ్య.

కొమురయ్య కాక మా పక్కింట్లో ఉండేవాడు. మంథని అవతల ఏదో ఊరి నుంచి వచ్చి బాయిలో బొగ్గు నింపిన టబ్బులు తోసే పనిలో చేరాడు. నాయినను అన్నా అని పిలిచేవాడు, కనుక అతని భార్య లచ్చవ్వ నాకు చిన్నమ్మ అయింది. మక్కజొన్న కంకులు ఊరినుంచి వస్తే మొదటి మూట మా ఇంట్లో దింపేది. కాకకు టింబర్ పని నేర్చుకోవాలని ఉండేది. సాయంత్రాలు నాయిన వాకిట్లో మంచం పట్టె మీద కర్రతో కొట్టి, ఇట్ల మోగితే కప్పు గట్టిగున్నట్టు, కుండ లెక్క మోగితే పక్కకు జరుగు అని చెప్పేవాడు. కాక కూడా కొట్టేవాడు. “నీ చెవులల్ల దూది ఉన్నదిరా తమ్మీ” అని నాయిన నవ్వేవాడు. “దూది కాదన్నా, లచ్చవ్వ లొల్లి. అది గూడుకట్టుకున్నది లోపల” అనేవాడు కాక. లోపలినుంచి చిన్నమ్మ, “నా లొల్లి వినబడ్తనే ఉన్నది గద, మల్ల దూదెక్కడిది?” అని జవాబిచ్చేది.

ఆ రోజుల్లో బాయి మీద మాకు పై అధికారిగా ఒక దొర ఉండేవాడు. పేరు రాయను, మేమూ పేరుతో పిలవలేదు. ఇంగ్లండు వెళ్లిపోతున్న పాత మేనేజరు దగ్గర అతను ఒక రేకు రైలు కొన్నాడు. ఇంజను, పెట్టెలు, పట్టాలు, సిగ్నలు కూడా. బంగళా వెనుక గదిలో మంచమంత బల్ల మీద దాన్ని పరిచాడు. హెడ్డాఫీసు నుంచి ఒక పెద్ద అధికారి భోజనానికి రాబోతున్నాడని తెలిసి, రైలు ఒట్టిగా తిరిగితే ఏం బాగుంటుంది, మధ్యలో మన బాయి ఉండాలి అనుకున్నాడు. నాయినకు కబురు వచ్చింది. బంగళాలకు పనివాళ్లను పిలిపించుకోవడం అప్పుడు ఎవరికీ వింత కాదు. తోటకు ఒకడు, ఆవుకు ఒకడు, దొరసాని కుక్కకు ఒకడు. అందరి బిళ్ళలూ, బాయిలో దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపురూము బోర్డు మీద ఉండేవి, అందరి జీతాలూ బాయిలో దిగినట్టే పడేవి. బిళ్ళ బాయిల, మనిషి బంగ్లల అని వరుసలో ఒక సామెతలాగా అనుకునేవాళ్లు. అసూయతోనే అనేవాళ్లు. బంగళా డ్యూటీ పడినవాడు అదృష్టవంతుడు. ఎవరైనా అడిగితే ఎట్ల అని అమ్మ భయపడితే, “బిళ్ళ బోర్డు మీదనే ఉంటది సుగుణా, ఫికర్ లేదు” అన్నాడు నాయిన. లోపల తన పనికి కొమురయ్యను నిలబెట్టాడు. నాలుగు దినాలే తమ్మీ, నేను జెప్పినట్టు చెయ్ అన్నాడు. కాక ఆ పూట తలకు నూనె రాసుకుని, పాపిడి తీసి డ్యూటీకి పోయాడు.

ఆ రోజులు మా ఇంట్లో పండుగలాగా గడిచాయి. రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. బల్ల చిన్నది, బాయి పెద్దది. చక్రాలు తిరిగే ఇనుప మంచె, బొగ్గు నింపే బంకరు, ఇంజనుగది, అన్నీ పట్టాల గుండ్రం లోపలే పట్టాలని దొర ఆజ్ఞ. నాయిన బంగళాలో నూలుతో కొలిచి తెచ్చి, మా గది నేల మీద సుద్దముక్కతో ఆ గుండ్రం గీశాడు. అగ్గిపెట్టెలు రైలు పెట్టెలు. వాటిని గీత మీద తోయడం నా పని. ఆయన పెట్టిన కర్రముక్కల పక్కగా అగ్గిపెట్టె తగలకుండా పోతే నాకు ఒక బెల్లం ముక్క. మంచె మీది చక్రాలకు అమ్మ కుట్టుపెట్టెలోని దారపు రీళ్లు తీసుకున్నాడు. నా రీళ్లు బాయిల పడ్డయి అని అమ్మ లచ్చవ్వ చిన్నమ్మకు చెప్పి నవ్వింది. బాయి పక్కన పోయడానికి నిజం బొగ్గు కావాలంటే నేను రోట్లో దంచి, పిండి జల్లెడ పట్టి, ఆవగింజలంతలేసి పలుకులు ఏరిపెట్టాను. ఇల్లంతా సరేసు కంపు. తోలు ఉడకబెట్టి చేసే ఆ జిగురు వాసన అన్నంలోకి కూడా ఎక్కేది. అయినా అమ్మ ఏమీ అనలేదు. ఎందుకంటే జాలార్లో నీళ్లు తెల్లగా పారుతున్నాయి. నాయిన సాయంత్రం ఇంటికి వస్తే ఒంటికి రంపపు పొట్టు తప్ప మసి లేదు. “ఇన్నేండ్లకు నా మొగని రంగేందో తెలిసింది” అని అమ్మ అంటే, చిన్నమ్మ గోడ మీదుగా తొంగిచూసి, “అక్కా, కొంచెం సున్నం కూడ పూయి, దొరైతడు” అన్నది.

నాయిన ఒకరోజు నన్ను బంగళాకు తీసుకుపోయాడు. గుమ్మం దగ్గర నిలబడి చూశాను. దొర తాళంచెవి తిప్పి వదిలితే ఇంజను చక్కా పరుగెత్తింది. మంచె మీది రీళ్లకు కట్టిన దారం లాగితే అగ్గిపుల్లలతో చేసిన, మనుషులు బాయిలోకి దిగే చిన్న బోను కిందికి దిగింది, పైకి వచ్చింది. బోనులో మనుషులు లేరు. నేను అదే అడిగాను. ఇంతలేసి మనుషులను ఎక్కడినుంచి తేవాలి బిడ్డా అన్నాడు నాయిన. ఇంకొక్క పెట్టె తగిలించి చూద్దామని దొర పొడుగు పెట్టె ఒకటి తెచ్చాడు. అది మలుపు తిరిగేటప్పుడు నడుము పట్టా దాటి లోపలికి జరిగి బంకరు కాలికి గీసుకుంది. రైలు పట్టాలు తప్పింది. నాయిన అగ్గిపెట్టెలు పొట్టివి. అవి ఏ మలుపులోనూ తగల్లేదు. పొడుగు పెట్టె మలుపులో ఎంత లోపలికి జరుగుతుందో ఆయన చూసుకోలేదు. అతిథి రావడం మర్నాడు రాత్రికి. ఏమీ పర్వాలేదు, ఈ పొడుగు పెట్టె తీసేద్దాం, రేపటినుంచి నువ్వు బాయికి వెళ్లొచ్చు అన్నాడు దొర. ఆ రాత్రి ప్రార్థనలో నాయిన తన పేరు కూడా కలుపుకున్నాడు. పొద్దున తాను దిగుతున్నాడు కదా.

పొద్దున ఆయన బాయి బట్టలే వేసుకుని పోయాడు. కొమురయ్య కాక కూడా, మళ్లీ టబ్బుల పనికేనని చిన్నమ్మకు చెప్పి, నాయినతోనే కలిసి పోయాడు. గేటు దగ్గర బంగళా చప్రాసీ నిలబడి ఉన్నాడట. దొరకు రాత్రంతా ఆ పొడుగు పెట్టె మీదే మనసు. బంకరు కాలు వేలెడు పక్కకు జరపమని కబురు. నాయిన బిళ్ళ తగిలించి, ఇయ్యాలొక్కపూట గూడ నువ్వే చూడు తమ్మీ అని కాకతో చెప్పి, బంగళాకు పోయాడు. ఇవన్నీ మాకు తరువాత తెలిశాయి.

వేళ కాని వేళ సైరను మోగింది. అమ్మ పప్పుకుండ పొయ్యిమీదే వదిలేసి పరుగెత్తింది, నేను వెనుక. కప్పు పడ్డదన్నారు. ల్యాంపురూము దగ్గర గుమాస్తా బోర్డు చూసి, అక్కడ టింబర్ పని యోహానుది అని చెప్పాడు. అమ్మ కూలబడి నెత్తి కొట్టుకుంది. లచ్చవ్వ చిన్నమ్మ ఆమెను ఒళ్లోకి లాక్కుని, “ఏడ్వకక్కా, బావ కప్పు సప్పుడు తెలిసినోడు, ముందే పక్కకు జరుగుతడు” అని ఆమె చేతులు పట్టుకుని ఆపుతోంది. నా తల కూడా తన కడుపుకు అదుముకుంది. ఆమె చీరకు పసుపు, పొగ వాసన. అలా ఎంతసేపు ఉన్నామో తెలియదు. ఎవరో అదిగో అన్నారు. బాయి వైపునుంచి కాదు, బంగళాల రోడ్డు మీదనుంచి నాయిన వస్తున్నాడు. ముఖాన మసి లేదు. చేతులకు తెల్లగా ఎండిన సరేసు. గరుకు కాగితం ముక్క ఒకటి ఇంకా పిడికిట్లోనే ఉంది. అందరూ ఆయనకు దారి ఇచ్చారు. లచ్చవ్వ చిన్నమ్మ నవ్వింది, కళ్లు తుడుచుకుని నిజంగా నవ్వింది. “సచ్చి బతికినవు బావా. ఇగో, నీ పెండ్లాన్ని సగం నేనే బతికిచ్చిన” అన్నది. నాయిన ఆమె వైపు చూడలేదు. గుమాస్తా వైపు చూసి, “కొమురయ్య ఏడి?” అన్నాడు. చిన్నమ్మ చేతులు ఇంకా అమ్మ చేతుల్లోనే ఉన్నాయి.

విచారణకు ముందు దొర మా ఇంటికి రాలేదు, నాయిననే పిలిపించాడు. ఆయన వచ్చి అమ్మకు చెబుతుంటే విన్నాను. “నువ్వు దిగావు యోహానూ. ఒంట్లో బాగాలేక మధ్యలో పైకి వచ్చావు, బిళ్ళ తీయడం మరిచిపోయావు. వచ్చేముందు ఆ చోటికి ఎవరూ వెళ్లొద్దని చెప్పావు. అతను వినలేదు. అంతే” అన్నాడట. “కాదంటే?” అన్నది అమ్మ. “కాదంటే ఆయన దొరే, నేను కూలోన్నే. క్వార్టరు పోతది, బెల్లంపల్లిల గూడ పని దొరకది” అన్నాడు నాయిన. వరుసలో అందరికీ నిజం తెలుసు. ఆయన ఏ రోడ్డున వచ్చాడో అందరూ చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ప్రతి ఇంట్లోనూ ఎవరిదో ఒకరి బిళ్ళ బోర్డు మీద అబద్ధంగా వేలాడుతూనే ఉంది. నాయిన దొర చెప్పినట్టే చెప్పాడు.

తప్పు చచ్చినవాడి మీద పడింది. మామూలుగా అయితే బాయిలో పోయినవాడి భార్యకు బొగ్గు ఏరే పని ఇచ్చి, క్వార్టరు ఉంచేవాళ్లు. వద్దన్న చోటికి పోయి చచ్చాడు కనుక చిన్నమ్మకు ఆ రెండూ లేవన్నారు. పుట్టింటివాళ్లు బండి కట్టుకొచ్చారు. సామాను ఎక్కిస్తుంటే అమ్మ మక్కపిండి, చీర ఒకటి మూటకట్టి పంపితే చిన్నమ్మ దాన్ని మా గడప మీదనే పెట్టేసింది. నాయిన లోపలే ఉన్నాడు. ఆయనకు వినబడేట్టు, అరవకుండా, మామూలుగా మాట్లాడినట్టే అన్నది: “బోర్డు మీది బిళ్ళ నీదే బావా. బండ కింద పీనుగ నాది.”

తాను చెప్పినట్టే చెబితే పైన పని ఇప్పిస్తానన్న మాట దొర నిలుపుకున్నాడు. నాయినను పైన వర్కుషాపుకు మార్పించాడు. ఆయన మళ్లీ బాయిలో దిగలేదు. మా జాలార్లో నీళ్లు మళ్లీ నల్లబడలేదు. ఇంటి వెనుక మట్టి మెల్లగా మామూలు రంగుకు వచ్చి, అమ్మ అక్కడ పుదీన వేసింది. చర్చి చొక్కా కాలరు మీద గీత కూడా పోయింది. పై పని, నిలకడైన జీతం, దాంతో నన్ను కరీంనగర్ హాస్టల్లో ఉంచి డిగ్రీ చదివించారు. ఆ చదువును చూసే ఇంజనీరు సంబంధం వచ్చింది. ఈ క్వార్టరు, ఈ ఫ్యాను, రాస్తున్న ఈ కలం, దేన్ని పట్టి లాగినా కొస ఆ బంకరు కాలి దగ్గరికే పోతుంది. ప్రార్థన మాత్రం మారింది. నాయిన పేర్లు చెప్పడం మానేశాడు. అందరినీ కాపాడు తండ్రీ అని ఒక్క మాటతో ముగించేవాడు. అన్నం వేడివేడిగా తినేవాళ్లం. కొమురయ్య అనే పేరు మా ఇంట్లో ఆ తరువాత ఎవరి నోటా రాలేదు.

అప్పుడు చదువు లేక, దిక్కులేక అట్లా జరిగిందని ఎన్నాళ్లో నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు బిళ్ళలు మారలేదు, బోర్డు మారలేదు. పిలిపించుకునే బంగళా మాత్రం ఇప్పుడు మాది. మావారు చెడ్డవారు కారు. ఎవరి సొమ్మూ తినరు, కింది వాళ్లను అరే తురే అని పిలవరు. రాత్రి భోజనాలయ్యాక ఆయనకు ఈ కథంతా మొదటిసారి చెప్పాను. విన్నారు. “పాపం” అన్నారు. తరువాత, “గప్పుడు గట్ల అయిందని ప్రతిసారి గట్లనే అయితదా సువార్తా? రాజేశంది ఒక్క పూట పని. అందరు పిలిపించుకుంటరు” అన్నారు. ఆ మంచె తాడు తెగితే అతను ఏడున్నడని చెప్తరు అని అడిగాను. “నువ్వు తాడు తెగకముందే తెగిందంటవు. నిన్ను దవాఖానలో చూపియ్యాలె” అని నవ్వి అటు తిరిగి పడుకున్నారు. నాయినకు, కాదంటే పోయే క్వార్టరు ఉండింది, కూడు ఉండింది. ఈయనకు పోయేదేమీ లేదు. ఒక్క పూట సరదా, అంతే. అదే నాకు మింగుడుపడటం లేదు.

నిన్న రాత్రి రాయడం అక్కడ ఆపాను. పొద్దున రాజేశం చెక్కముక్కలు సైకిలుకు కట్టుకుని వచ్చాడు. వాకిట్లోనే ఆపాను. సైకిలు దిగవద్దన్నాను. “సార్ కోపం చేస్తరక్కా” అన్నాడు. చెయ్యనియ్యి, నువ్వు పోయి నీ మంచె నువ్వు కట్టుకో అన్నాను. ముఖం మాడ్చుకుని, చెక్కముక్కలు గేటుకు ఆనించి పోయాడు. మావారు అంతా చూసి డ్యూటీకి పోయారు. పిల్లలు బల్ల దగ్గర బిక్కమొహాలు వేసుకుని నిలబడ్డారు. “మన బాయి కట్టరా?” అన్నాడు పెద్దవాడు. కట్టరు అన్నాను. “తాత కట్టిచ్చిండు గద?” అన్నది చిన్నది. ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. “తాత కట్టిచ్చిండు, మంచిగనే కట్టిండు. తాత అది కట్టేటప్పుడు ఆయన జాగల ఇంకొకాయన నిజం బాయిల దిగిండు. కప్పు పడి చచ్చిపోయిండు. ఆయన పేరు కొమురయ్య. ఆ పేరు మీరు గూడ అనుండ్రి” అని చెప్పాను.